టైరు ఒక ప్రక్కనే ఏల అరుగును?

ఖాజాగూడ కూడలినుండి గచ్చిబౌలివైపునకును, నానక్‌రామ్‌గూడవైపునకును పోవు దారులలో టైర్ల దుకాణముల ముంగిట తీసివేసిన పాత టైర్లు దొంతరలుగా పేర్చియుండును. అందులో ఒకదానిని దించి దాని ముఖమును పరిశీలించినచో తరచుగా ఒక వింత కనబడును. బయటి అంచున గాడులు ఇంకను లోతుగానే యుండును. లోపలి అంచునకు వచ్చుసరికి రబ్బరు అద్దమువలె నున్నబడి, కొన్నింటిలో అడుగుననున్న ఉక్కు తీగలు సయితము బయటపడియుండును. ఒకే టైరు, ఒకే దారి, ఒకే గాలి. అయినను ఒక అంచు యౌవనమందును, మరియొక అంచు వార్ధక్యమందును ఉన్నవి.

ఇట్లేల జరిగినదో తెలిసికొనుటకు ముందు మన కాళ్ళవైపు చూడవలెను. నడకలో పాదమును కొంచెము బయటికి వాల్చువాని చెప్పు మడమయొద్ద బయటి అంచున అరుగును. లోపలికి వాల్చువానిది లోపలి అంచున అరుగును. అనుభవముగల చెప్పులు కుట్టువారు తెగిన చెప్పును తలక్రిందులుగా పట్టి చూచి, దాని యజమాని నడక ఎట్టిదో చెప్పగలరు. టైరు కారు తొడిగిన చెప్పు. అది ఎచ్చట, ఏ తీరున అరిగినదో చూచినచో కారు నడకలోని లోపము తెలియును.

అరచేతి మేర నేల

హైదరాబాదునకు పడమట, పాత బొంబాయి రహదారి ప్రక్కనున్న ఖాజాగూడ గుట్టలలోని గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. నగర పరిసరములలో రోడ్లకు వాడు కంకర చాలవరకు ఈ జాతి రాళ్ళను కొట్టి చేసినదే. వానిలోని క్వార్ట్జు, ఫెల్డ్‌స్పారు ఖనిజములు సామాన్యమైన చాకుమొనకు గీతపడనంత గట్టివి. 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు ఈ ప్రాంతమున కార్ల రాకపోకలు ఏటేటా హెచ్చినవి. ఆ కార్లన్నింటి రబ్బరు ఈ రాతిమీదనే దొర్లుచున్నది.

రబ్బరు ఎంత మేర నేలను తాకునో లెక్కచూతము. మనుష్యులతో కలిపి కారు 1,000 కిలోగ్రాములు తూగుననుకొన్నచో ఒక్కొక్క చక్రముపై 250 కిలోగ్రాములు పడును. టైరులో గాలి 33 పౌండ్లున్నదనగా, చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోగ్రాముల పీడనమున్నదని అర్థము. 250ని 2.3చే భాగించిన సుమారు 109 చదరపు సెంటీమీటర్లు వచ్చును. అది ఒక పెద్దమనిషి అరచేయి అంత. బ్రేకు వేసినను, మలుపు తిరిగినను, వానలో నిలద్రొక్కుకొన్నను, కారునకు నేలతో ఉన్న సంబంధమంతయు ఇట్టి నాలుగు అరచేతుల మేర మాత్రమే.

చక్కగా దొర్లు చక్రమునకు ఒక గుణము కలదు. నేలను తాకిన భాగము ఆ క్షణమున నేలపై నిలిచియుండి, మరుక్షణమున పైకి లేచిపోవును. రాపిడి మిక్కిలి తక్కువ. పెన్సిలు గీతలు చెరుపు రబ్బరును కాగితముపై దొర్లించి చూడుడు, పొడి రాలదు. అదే రబ్బరును రుద్దుడు. వెంటనే పొడి రాలును. టైరు విషయమందును ఇంతే. దొర్లుటవలన అరుగునది స్వల్పము, ఈడ్చుటవలన అరుగునది మిక్కుటము. టైరు నల్లగా ఉండుటకు కారణమైన మసి కూడ ఈ రాపిడిని తట్టుకొనుటకై రబ్బరులో కలిపినదే.

సక్రమముగా నడచు టైరు ఎంత నిదానముగా అరుగునో చూచినచో ఆశ్చర్యము కలుగును. 14 అంగుళముల రిమ్ముగల ఒక రకము టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. కిలోమీటరుకు అది 513 సార్లు తిరుగును. 40,000 కిలోమీటర్లలో దాదాపు 2 కోట్ల 5 లక్షల సార్లు తిరుగును. ఈలోగా గాడి లోతు 7.6 మిల్లీమీటర్లనుండి 1.6 మిల్లీమీటర్లకు తగ్గినదనుకొందము. 6 మిల్లీమీటర్లను 2 కోట్ల 5 లక్షలచే భాగింపగా, ఒక చుట్టుకు అరుగునది మిల్లీమీటరులో 34 లక్షలవ వంతు మాత్రమే! కర్బన పరమాణువులను రెండింటిని ప్రక్కప్రక్కన పేర్చిన ఇంచుమించు ఇంత మందము వచ్చును. వాస్తవమున రబ్బరు పొరలు పొరలుగా గాక చిన్న చిన్న రేణువులుగా రాలును. సగటు మాత్రము ఇదియే. ఇంత సున్నితమైన లెక్క తప్పుటకు పెద్ద లోపమేమియు అక్కరలేదు. చక్రము డిగ్రీలో ఆరవ వంతు ప్రక్కకు తిరిగియుండిన చాలును.

రెండు మిల్లీమీటర్ల తేడా, ఇరువదియెనిమిది కిలోమీటర్ల ఈడ్పు

కారును పైనుండి చూచుచున్నట్లు ఊహింపుడు. ముందు చక్రములు రెండును సమాంతరముగా ఉండవలెను. పాదముల కొనలను లోపలికి త్రిప్పి నడచు మనుష్యునివలె, ఆ చక్రముల ముందు అంచులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవనుకొందము. దీనిని మెకానిక్కులు ‘టో-ఇన్’ అందురు. ముందు అంచులు ఎడముగా ఉన్న ‘టో-ఔట్’. కాలివేలిని బట్టి వచ్చిన పేర్లు ఇవి.

రిమ్ము ముందు అంచులయొద్ద కొలిచిన దూరమునకును, వెనుక అంచులయొద్ద కొలిచిన దూరమునకును 2 మిల్లీమీటర్ల తేడా ఉన్నదనుకొందము. అందులో ఒక్కొక్క చక్రము వంతు 1 మిల్లీమీటరు. రిమ్ము వ్యాసము సుమారు 356 మిల్లీమీటర్లు గనుక, ఆ చక్రము ప్రతి 356 మీటర్ల ప్రయాణమునకు 1 మీటరు ప్రక్కకు పోవలెనని చూచును. కాని రెండవ చక్రము దానికి ఎదురుగా లాగుచున్నది; కారు నేరుగా పోవుచున్నది. కావున ఆ ఒక్క మీటరును టైరు నేలపై ప్రక్కకు ఈడ్వబడును. కిలోమీటరుకు ఇది 2.8 మీటర్లు, 10,000 కిలోమీటర్లకు 28 కిలోమీటర్లు. ఖాజాగూడనుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోవు దారి దాదాపు ఇంతే. బ్రేకు పట్టివేసిన కారును ఆ దారి పొడవునను త్రాడు కట్టి ప్రక్కకు లాగుకొనిపోవుటను ఊహించినచో టైరు బాధ కొంత అర్థమగును.

విద్యార్థులలో చురుకైనవారు ఇచ్చట ఒక ఆక్షేపణ తేవచ్చును: రబ్బరు సాగు గుణముగలది కదా, అంత దూరమును నిజముగా ఈడ్వబడునా? ఆక్షేపణ సరియైనదే. నేలను తాకిన రబ్బరు మొదట ప్రక్కకు సాగును. అరచేతి మేర భాగము చివరకు వచ్చుసరికి ఆ సాగుడు ఘర్షణ పట్టునకు మించి, జారును. కావున 28 కిలోమీటర్లలో కొంత సాగుడుక్రిందను, కొంత జారుడుక్రిందను పోవును. అయితే దీనివలన మరియొక సంగతి బయటపడుచున్నది. చక్రము తిరిగియున్న కోణము రెట్టింపైనచో ప్రక్కకు లాగు బలము ఇంచుమించు రెట్టింపగును. జారు దూరమును రెట్టింపగును. బలమును దూరముచే హెచ్చించిన పని వచ్చునని పాఠ్యపుస్తకములో చదివియున్నాము. కావున రబ్బరును అరగదీయు పని స్థూలముగా నాలుగు రెట్లగును. స్వల్పమైన లోపమును ‘తరువాత చూతము’ అని వాయిదా వేసినవారికి టైరు అంత త్వరగా ఏల చెడినదో ఈ వర్గ సూత్రము చెప్పును.

ఇట్లు ప్రక్కకు ఈడ్వబడిన టైరును అరచేతితో గుర్తింపవచ్చును. ముఖముపై ఒక అంచునుండి మరియొక అంచునకు చేయి మెల్లగా రాచినచో ఒక దిశలో నున్నగా తోచును. తిరిగి రాచినప్పుడు రంపపు పండ్లవలె గరుకుగా తగులును. ప్రతి రబ్బరు దిమ్మయు ఒకవైపు చెక్కబడి, రెండవవైపు వాడిగా మిగిలియుండుటయే దీనికి కారణము. ఉక్కు తీగలు బయటపడిన టైరుపై ఈ పరీక్ష చేయరాదు; చేయి తెగును.

మరి చక్రములను అచ్చముగా సమాంతరముగ బిగించిన సరిపోదా యన్నచో, అట్లును కాదు. చక్రములను పట్టియుంచు కీళ్ళలో రబ్బరు బుష్షులుండును. బండి నడచునప్పుడు అవి కొంచెము ఒత్తుకొనును. నిలిచియున్నప్పుడు ఏమాత్రము తేడా ఉంచినచో నడకలో చక్రములు నిటారుగా నిలుచునో కారు తయారుచేయువారు లెక్కవేసి నిర్ణయింతురు. అందువలన ఒక కారు కొలత వేరొక కారునకు పనికిరాదు.

రథమును త్రిప్పుట

మలుపులలో సంగతి ఇంకను చిక్కైనది. రథోత్సవములో రథము వీథి మలుపునకు వచ్చినప్పుడు ఏమి జరుగునో మన ఊళ్ళలో అందరికిని తెలియును. దాని ఇరుసులు కదలవు. చక్రములు ఒక్క దిక్కునకే దొర్లగలవు. అందుచే చక్రముల క్రింద కొయ్య దిమ్మెలు పెట్టి, త్రాళ్ళతో ఒకవైపు బలముగా లాగి, చక్రములను నేలపై ఒరయించుచు త్రిప్పవలసివచ్చును. ఎన్ని వందలమంది చేతులు కావలెనో చూచినచో, దొర్లుటకును ఈడ్చుటకును గల భేదమును గూర్చి వేరు పాఠము అక్కరలేదు.

కారు ముందు చక్రములు రెండును ఒకే కోణమున తిరిగినను చిక్కు పూర్తిగా తీరదు. మలుపులో లోపలి చక్రము చిన్న వృత్తమును, బయటి చక్రము పెద్ద వృత్తమును చుట్టవలెను. ముందు వెనుక ఇరుసుల మధ్య 2.4 మీటర్లును, కుడి యెడమ చక్రముల మధ్య 1.4 మీటర్లును గల కారు, వెనుక ఇరుసు నడిమి భాగము 5 మీటర్ల వ్యాసార్ధమున తిరుగునట్లు మలుపు తీసికొన్నదనుకొందము. అప్పుడు లోపలి ముందు చక్రము సుమారు 29 డిగ్రీలును, బయటిది సుమారు 23 డిగ్రీలును తిరుగవలెను. త్రికోణమితి చదివినవారు ఈ కోణములను తామే గట్టి చూచుకొనవచ్చును. ఇట్లు రెండు చక్రములు రెండు కోణములలో తిరుగు అమరికను మ్యూనిక్ నగరమున బండ్లు చేయు జార్జి లాంకెన్‌స్పెర్గర్ కల్పించెను. రుడాల్ఫ్ ఆకర్‌మాన్ 1818లో అతని పక్షమున ఇంగ్లండులో పేటెంటు పొందెను. లోకము కల్పించినవానిని మరచి, పేటెంటు పొందినవాని పేరే ఆ అమరికకు పెట్టినది! గుఱ్ఱపు బండికై పుట్టిన ఈ అమరికనే కొద్ది మార్పులతో నేటి కార్లును వాడుచున్నవి. స్టీరింగు చేతులు వంగినచో ఈ లెక్కయు తప్పును. ప్రతి మలుపులోను టైరు కొంత ఒరయుచునే యుండును.

హైదరాబాదులో ఇటీవలి సంవత్సరములలో చాల కూడళ్ళను మూసి, కొంత దూరము పోయి వెనుకకు తిరిగివచ్చు ‘యూ-టర్న్’ పద్ధతి పెట్టిరి. మనము ఎడమవైపున బండి నడపువారము గనుక ఈ మలుపులన్నియు కుడివైపునకే. కుడికి తిరుగునప్పుడు బండి బరువు ఎడమ చక్రములపైకి ఒరగును. రోజునకు పది యూ-టర్నులు తీసికొను కారునకు ఎడమ ముందు టైరు బయటి భుజము కొంత ముందుగా అరిగినచో అలైన్‌మెంటును నిందింపనక్కరలేదు.

గ్లాసు చెప్పిన పాఠము

ఇక కారును ఎదుటినుండి చూతము. చక్రము నిటారుగా నిలువక, తల లోపలికో బయటికో వాలియుండవచ్చును. ఈ వాలునకు ‘క్యాంబర్’ అని పేరు. దీని ఫలమును తెలిసికొనుటకు వంటింటిలోని స్టీలు గ్లాసును నేలపై పడుకోబెట్టి దొర్లించిన చాలును. మూతి పెద్దది, అడుగు చిన్నది గనుక గ్లాసు నేరుగా పోదు, గుండ్రముగా తిరుగును. వాలిన టైరు కూడ ఇట్టి గ్లాసువంటిదే. వాలిన ప్రక్కనున్న అంచు బరువుచే ఎక్కువ నొక్కుకొని, దాని వ్యాసార్ధము కొంచెము తగ్గును. అది చుట్టునకు తక్కువ దూరము దొర్లవలెను. కాని రెండవ అంచుతో ఒకే చక్రమునకు కట్టబడియున్నది. తగ్గిన దూరమును ఈడ్పుతో భర్తీ చేయవలసివచ్చును. తల లోపలికి వాలినచో లోపలి అంచు, బయటికి వాలినచో బయటి అంచు అరుగును. ఈ అరుగుదలలో రంపపు పండ్లు సామాన్యముగా కనబడవు. ఒక అంచు నున్నగా తరిగిపోవుచుండును. టో దోషమునకును క్యాంబర్ దోషమునకును భేదము చేతికి తెలియు గుర్తు ఇదే. రెండు దోషములును కలిసివచ్చుట కూడ కద్దు.

వాన నీరు నిలువకుండుటకై రోడ్డు నడుమ ఎత్తుగాను, ప్రక్కలకు వాలుగాను ఉండును. అందుచే దోషములేని కారు కూడ చేయి వదలినచో మెల్లగా ఎడమకు ఒరగును. దీనినే లోపమనుకొని దుకాణమునకు పరుగెత్తువారు కలరు. చదునైన ఖాళీ చోట పరీక్షించినగాని నిర్ణయమునకు రారాదు.

మూడవ కోణము పేరు ‘క్యాస్టర్’. హైటెక్ సిటీ కార్యాలయములలోని చక్రముల కుర్చీని తోసి చూచినచో, దాని చిన్న చక్రములన్నియు తోసిన దిక్కునకు వెంటనే తిరిగి, కాడవెనుక నడచును. కారు ముందు చక్రము తిరుగు ఇరుసును వెనుకకు వంచుటచే ఇట్టి గుణమే కలుగును. మలుపు తరువాత స్టీరింగు తానుగా నడిమికి వచ్చును. ఈ కోణము తప్పినచో బండి ఒక ప్రక్కకు లాగునుగాని టైరు అంతగా అరుగదు.

కోణములతో పనిలేని అరుగుదలలును కలవు. నడుమ మాత్రమే అరిగినచో గాలి ఎక్కువ. రెండు భుజములు అరిగి నడుమ మిగిలినచో గాలి తక్కువ. ముఖముపై అక్కడక్కడ దోనెలవలె గుంటలు పడినచో షాక్ అబ్సార్బర్లు బలహీనపడినవనియో, చక్రము తూకము తప్పినదనియో అనుమానింపవలెను. గాలిని చల్లగా ఉన్నప్పుడే కొలువవలెనని చెప్పుటకు కారణము మనకు తెలిసిన వాయు సూత్రమే. 33 పౌండ్లకు వాతావరణ పీడనము 14.7 చేర్చిన 47.7 అగును. 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉన్న గాలి ప్రయాణములో 57 డిగ్రీలకు వేడెక్కినచో, పరమ ఉష్ణోగ్రత 300నుండి 330కి, అనగా పదవ వంతు పెరిగినది. పీడనమును అంతే పెరిగి, మీటరు దాదాపు 38 చూపును. అప్పుడు ‘ఎక్కువైనది’ అని గాలి తీసివేసినచో మరునాటి ఉదయము టైరు తక్కువ గాలితో బయలుదేరును.

కనబడని అంచు

అరుగుదల ఖర్చుతో ముగియునదే అయినచో ఇంత విచారణ అవసరము లేదు. లోపలి అంచు యజమానికి కనబడకపోవుటలోనే అపాయమున్నది. కారు ప్రక్కన నిలిచి చూచువానికి బయటి అంచును దాని నిండు గాడులును కనబడును. టైరు బాగున్నదని అతడు నమ్మును. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఖాజాగూడకు చేరువనే నానక్‌రామ్‌గూడవద్ద పోవుచున్నది. ఆ దారిలో వేగపు వరుసల పరిమితిని 2023లో గంటకు 100 కిలోమీటర్లనుండి 120కి పెంచిరి. అక్కడ, వానలో, ఆ నున్నని అంచు ఏమి చేయును?

రోడ్డుపై 3 మిల్లీమీటర్ల నీరు నిలిచినదనుకొందము. 15 సెంటీమీటర్ల వెడల్పుగల టైరు గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు సెకండుకు సుమారు 10 లీటర్ల నీటిని తప్పించవలెను. ఒక సెకండులో ఒక బక్కెట నీరు! గాడులు ఆ నీటిని ప్రక్కలకును వెనుకకును తరలించు కాలువలు. కాలువ పూడినచోట నీరు రబ్బరునకును నేలకును నడుమ పొరగా నిలుచును. ఆ మేర టైరు నీటిపై తేలును. బ్రేకునకు గాని స్టీరింగునకు గాని అప్పుడు పట్టు దొరకదు. ఇక ఉక్కు తీగలు బయటపడిన టైరులోనికి తడి చేరి త్రుప్పు పట్టును. పలుచబడిన ఆ అంచే ఎండలో, వేగములో, బరువులో మొదట తెగును.

గాడుల అడుగున అక్కడక్కడ 1.6 మిల్లీమీటర్ల ఎత్తుగల చిన్న గట్లు ఉండును. టైరు ప్రక్క గోడపై టి.డబ్ల్యు.ఐ. అను అక్షరములో, చిన్న త్రికోణమో వాని స్థానమును చూపును. ముఖము ఏ అంచునైనను ఆ గట్టుతో సమమైనచో టైరు ఆయువు తీరినట్లే. ముందు టైర్ల లోపలి అంచును చూచుటకు స్టీరింగును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పి నిలిపిన చాలును. వెనుక టైర్లకు వంగి చూడవలెను, లేదా చేతి ఫోనును క్రిందికి దించి ఫోటో తీయవలెను.

దారమునుండి కెమెరాకు

కొత్త కారుననున్న వరుస ఎట్లు తప్పును? గుంతలో వేగముగా పడుట, స్పీడ్ బ్రేకరును చూడక ఎగురుట, డివైడరు అంచును ఒరసికొనుట – వీనిలో ఏ ఒక్కటియైనను టై రాడ్‌ను వెండ్రుకవాసి వంచవచ్చును. ఏ దెబ్బయు తగులకున్నను బాల్ జాయింట్లును బుష్షులును కాలక్రమమున వదులగును. ఈ కారణముచే 10,000 కిలోమీటర్లకు ఒకసారియైనను, పెద్ద దెబ్బ తగిలిన వెంటనేయు కొలత చూపుట మంచిదని సామాన్యముగా చెప్పుదురు.

పూర్వము మెకానిక్కులు కారునకు ఇరుప్రక్కల దారము బిగించి, దానినుండి రిమ్ము ముందు వెనుక అంచుల దూరమును కొలిచెడివారు. వాలునకు తాపీపనివారి గుండుదారమే సాధనము. నేటి యంత్రములలో చక్రములకు గుర్తుల పలకలు తగిలించి, కారును కొంచెము ముందుకు వెనుకకు దొర్లింతురు. ఎదుటనున్న కెమెరాలు ఆ పలకల కదలికను చూచి నాలుగు చక్రముల కోణములను లెక్కగట్టును. సూత్రము మాత్రము దారము నాటిదే. దిద్దుట ఇంకను సులువు: టై రాడ్ చివర మరలు చెక్కియుండును, నట్టు వదలుచేసి రాడ్‌ను త్రిప్పినచో దాని పొడవు మారి చక్రము దిశ మారును. అయితే కీళ్ళు వదులుగానున్న కారునకు యంత్రము చూపిన ఆకుపచ్చ అంకెలు మొదటి గుంతవరకే నిలుచును. ముందు గాలి సరిచేసి, వదులైన భాగములు మార్చి, ఆ తరువాతనే కోణములు దిద్దవలెను.

‘అలైన్‌మెంటు’, ‘బాలెన్సింగు’ అను మాటలను ఒకటిగా వాడువారు పెక్కుమంది. బాలెన్సింగు చక్రపు తూకమునకు సంబంధించినది. రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉన్నచో, గంటకు 100 కిలోమీటర్ల వేగమున చక్రము సెకండుకు 14 సార్లు తిరుగునప్పుడు ఆ చిన్న తేడాయే సుమారు 2.9 కిలోగ్రాముల బరువంత బలముతో ఇరుసును లాగును. 50 కిలోమీటర్ల వేగమున అందులో నాలుగవ వంతే. స్టీరింగు వేగములో మాత్రమే వణకినచో తూకమును, ఎల్లవేళల ఒక ప్రక్కకు లాగినచో వరుసను అనుమానింపుడు.

రాలిన రబ్బరు ఎక్కడికి పోయినది? ఒక టైరు తన జీవితకాలమున కిలోగ్రామునకు పైబడి రబ్బరును రోడ్డున విడుచును. అది గాలిలో కొంత కలిసి, మిగిలినది వాన నీటితో కాలువలగుండ పల్లమునకు పోవును. ఖాజాగూడ చెరువువంటి చెరువులే నగరపు పల్లములు. అమెరికాలోని సియాటిల్ ప్రాంతపు వాగులలో వాన కురిసినప్పుడెల్ల కోహో సాల్మన్ చేపలు చనిపోవుటకు కారణమును వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2020లో కనుగొనిరి. టైరు బీటలువారకుండ కలుపు 6పీపీడీ అను రసాయనము ఓజోనుతో కలిసి మరియొక పదార్థముగా మారి, ఆ చేపలకు విషమగుచున్నది. అన్ని జాతుల చేపలును దీనికి ఒకే తీరున లొంగవు. ఏదియెట్లున్నను, వంకరగా నడచు చక్రము ఈ పొడిని అనవసరముగా పెంచుచున్నది.

ఉపాధ్యాయులు ఈ విషయమును పాఠశాల ఆవరణలోనే పరీక్ష చేయింపవచ్చును. భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్ చాలును. దాని వెనుక కొననుండి వెలువడు సన్నని పుల్లతో గాడి లోతును మిల్లీమీటరులో పదవ వంతువరకు కొలువవచ్చును. కారును చదునైన నేలపై నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రములకు అడ్డు రాళ్ళు పెట్టించుడు. ప్రతి టైరునకు లోపలి, నడిమి, బయటి గాడులను మూడేసి చోట్ల కొలిచి సగటు వ్రాయవలెను. ఒక టైరునకు 12,000 కిలోమీటర్ల తరువాత బయట 6.1, నడుమ 6.0, లోపల 3.6 మిల్లీమీటర్లు వచ్చినవనుకొందము. కొత్తదాని లోతు 7.6 గనుక బయట అరిగినది 1.5, లోపల అరిగినది 4.0. ఇదే తీరున నడచినచో 1.6 గట్టును చేరుటకు బయటి అంచునకు ఇంకను 36,000 కిలోమీటర్లు పట్టును; లోపలి అంచునకు 6,000 మాత్రమే. ఆ 6,000 కిలోమీటర్లును గడచి టైరును తీసివేయునాటికి బయటి అంచున 5.3 మిల్లీమీటర్లకు పైగా రబ్బరు మిగిలియుండును.